లాప్‌టాప్ తెర మార్చాలా, మానిటర్ కొనాలా: రిచ్చీ స్ట్రీట్‌కు వెళ్లే ముందు

థకూ ధకూ తేడా కడుపులో ఉండే ఒక్క చుక్క. చెన్నై పెరంబూరులో ఇంట్లోనే కూర్చుని తెలుగు పుస్తకాలకు ప్రూఫులు దిద్దే నాకు ఆ చుక్క కనబడటమే జీవనాధారం. రెండేళ్ల కిందట ఒక వ్యాసంలో ‘కథనం’ కాస్తా ‘కధనం’గా పడి అలాగే అచ్చుకు వెళ్లిపోయింది. రచయిత ఫోను చేసి అడిగాక ఆ పేజీని మళ్లీ తెరిచి చూశాను. మామూలు సైజులో ఎన్నిసార్లు చూసినా అక్కడ చుక్క ఉన్నట్టే అనిపించింది. రెండింతలు పెద్దది చేస్తే తప్ప తప్పు బయటపడలేదు. కళ్లజోడు మార్చుకోవాలేమోనని డాక్టరు దగ్గరికి వెళితే పవరు అలాగే ఉందన్నారు. ఇక తెర సంగతే చూడాలని, చెన్నైలో ఎలక్ట్రానిక్స్ దుకాణాలు గుంపుగా ఉండే రిచ్చీ స్ట్రీట్‌కు వెళ్లాలని అప్పుడు నిశ్చయించుకున్నాను.

నాది 14 అంగుళాల పాత ఆఫీసు లాప్‌టాప్. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ర్యామ్ పెంచి, ఎస్‌ఎస్‌డీ వేయించాక కొత్తదానిలా పరుగెడుతోంది. కీబోర్డు నా వేళ్లకు బాగా అలవాటైపోయింది. లోపమంతా తెరలోనే ఉంది. ఇలాంటి యంత్రాలు మన ఇళ్లలో చాలా ఉన్నాయి. వాటిని పారేయనక్కరలేదు. అలాగని కనిపించిన ప్యానెల్ (మూతలో అమర్చే తెర పలక) తెచ్చి బిగించడమూ తగదు. ఆ నెలలో నేను తెలుసుకున్నదీ, ఆ తర్వాత మా ఇంట్లోనే మరో ఇద్దరికి ఇచ్చిన సలహా వేరుగా ఉండటానికి కారణాలూ ఇక్కడ రాస్తున్నాను.

చుక్కల లెక్క ఎంతవరకు

దుకాణంలో అడిగే మొదటి ప్రశ్న ‘హెచ్‌డీయా, ఫుల్ హెచ్‌డీయా’ అని. హెచ్‌డీ అంటే 1366×768, అంటే దాదాపు పదిన్నర లక్షల చుక్కలు (పిక్సెళ్లు). ఫుల్ హెచ్‌డీ 1920×1080లో దాదాపు ఇరవై లక్షల డెబ్బై వేలు. 14 అంగుళాల తెర మీద మొదటిది అంగుళానికి 112 చుక్కలు ఇస్తే రెండోది 157 ఇస్తుంది. ఇంగ్లిషు చదివేవారికి ఇది కాస్త నునుపు పెరగడం. తెలుగు చదివేవారికి అంతకన్నా చాలా ఎక్కువ. విండోస్‌లో 100 శాతం సైజు దగ్గర 12 పాయింట్ల అక్షరానికి దక్కే ఎత్తు 16 చుక్కలే. ‘రాష్ట్రం’ అనే మాటలో ష అక్షరమూ, దాని కింద టవత్తూ, రవత్తూ అన్నీ ఆ పదహారులోనే సర్దుకోవాలి. ఒక్కో వత్తుకు నాలుగైదు చుక్కలు కూడా మిగలవు. అదే ఫుల్ హెచ్‌డీ తెరను 150 శాతానికి పెట్టుకుంటే అక్షరం కంటికి దాదాపు అంతే కనిపిస్తుంది, కానీ దాన్ని గీయడానికి 24 చుక్కలు ఉంటాయి. థలోని చుక్క చుక్కగా నిలబడుతుంది. ప, ఫ, ష మధ్య తడబాటు పోతుంది.

అందుకే తెలుగు పని చేసేవారికి హెచ్‌డీ నుంచి ఫుల్ హెచ్‌డీకి మారమని నేను గట్టిగా చెబుతాను. కానీ దుకాణంవారు సాధారణంగా అక్కడితో ఆగిపోతారు. అసలు తేడా ఆ తర్వాత మొదలవుతుంది.

ప్యానెల్ జాతి ముఖ్యం. పాత చవక లాప్‌టాప్‌లలో ఎక్కువగా ఉన్నవి టీఎన్ ప్యానెళ్లు. ఎదురుగా చూస్తే బాగానే ఉంటాయి. కాస్త పై నుంచి చూస్తే రంగు వెలిసిపోతుంది, కింద నుంచి చూస్తే నల్లబడి తలకిందులవుతుంది. మనం కదలకుండా కూర్చున్నా తెర పై అంచునూ కింది అంచునూ మన కళ్లు వేర్వేరు కోణాల్లో చూస్తాయి. అందుకే ఒకే తెల్ల పేజీ పైన ఒకలా, కింద ఒకలా కనిపిస్తుంది. రోజంతా మూతను అటూ ఇటూ వంచుకుంటూ ఉండటం మనకు అలవాటైపోయి, అదొక ఇబ్బంది అని కూడా తోచదు. ఐపీఎస్ ప్యానెల్‌లో ద్రవస్ఫటికాలు (లిక్విడ్ క్రిస్టల్స్) గాజుకు సమాంతరంగానే తిరుగుతాయి కాబట్టి పక్క నుంచి చూసినా రంగు పెద్దగా మారదు. ఈ పద్ధతిని హిటాచీ సంస్థ 1996లో మార్కెట్లోకి తెచ్చింది. ఇప్పుడది చవక ప్యానెళ్లలో కూడా దొరుకుతోంది.

ఫుల్ హెచ్‌డీ అన్నంత మాత్రాన ఐపీఎస్ అని కాదు. ఫుల్ హెచ్‌డీ టీఎన్ ప్యానెళ్లు పుష్కలంగా ఉన్నాయి. నేను మొదట తెచ్చుకున్నది సరిగ్గా అదే. ఒక దుకాణంలో ‘ఐపీఎస్సే’ అని చెప్పి ఇచ్చారు. ఇంటికి వచ్చి వెనుక అంటించిన లేబుల్ చదివితే టీఎన్ అని తేలింది. మర్నాడు తీసుకెళితే మార్చి ఇచ్చారు గానీ, ఒక రోజు వృథా అయింది. ఆ రోజు నుంచి నోటిమాట మీద ప్యానెల్ కొనడం మానేశాను. లేబుల్ చదవడం అందరూ నేర్చుకోదగ్గ విద్య, పెద్ద కష్టం కూడా కాదు.

ప్యానెళ్లు తయారుచేసే ఏయూవో సంస్థ కోడ్ ‘బీ’తో మొదలవుతుంది. బీ156 అంటే 15.6 అంగుళాలు, బీ140 అంటే 14. ఆ తర్వాత ‘ఎక్స్‌టీఎన్’ ఉంటే హెచ్‌డీ టీఎన్, ‘హెచ్‌టీఎన్’ ఉంటే ఫుల్ హెచ్‌డీ టీఎన్, ‘హెచ్‌ఏఎన్’ ఉంటే ఫుల్ హెచ్‌డీలో ఐపీఎస్ జాతి. బీవోఈ సంస్థవి ‘ఎన్‌టీ’తో మొదలైతే టీఎన్, ‘ఎన్‌వీ’తో మొదలైతే ఐపీఎస్ జాతి. ఎల్‌జీవి ‘ఎల్‌పీ’తోనూ, ఇన్నోలక్స్‌వి ‘ఎన్’ తర్వాత నేరుగా అంకెతోనూ మొదలవుతాయి. పేర్లతో తికమక పడనక్కరలేదు. ఏయూవో వారి ఏహెచ్‌వీఏ, బీవోఈ వారి ఏడీఎస్, లాప్‌టాప్ కంపెనీలు రాసే డబ్ల్యూవీఏ, యూడబ్ల్యూవీఏ అన్నీ ఐపీఎస్‌కు అన్నదమ్ములు. ‘ఎస్‌వీఏ’ అని ఉంటే మాత్రం అది టీఎన్ అని తెలుసుకోండి.

వెలుగు సంగతి క్లుప్తంగా చెబుతాను. తెర వెలుగును నిట్లలో కొలుస్తారు. 220 నిట్లు ట్యూబ్‌లైటు కింద గదిలో సరిపోతాయి. కిటికీ పక్కన కూర్చుంటే 300 కావాలి. మా బాల్కనీలో మధ్యాహ్నం పని చేయాలంటే 400 ఉన్నా తక్కువే. మెరిసే గాజు తెర వద్దు, మసక పూత ఉన్నదే తీసుకోండి. తల వెనుక ఉన్న ట్యూబ్‌లైటు పేజీ మధ్యలో ప్రత్యక్షమైతే ఎంత మంచి ప్యానెల్ అయినా నిరుపయోగమే.

పట్టుచీర ఎరుపు

మా మేనకోడలు ఒక చీరల వ్యాపారికి కంచి పట్టుచీరల ఫొటోలు సరిదిద్ది పెడుతుంది. నా తెర మార్చాక వచ్చి చూసి, ‘మామయ్యా, నాకూ ఇదే వేయించండి’ అంది. వద్దన్నాను. నా ప్యానెల్ లేబుల్ మీద రంగుల పరిధి 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అని ఉంటుంది. ఎన్‌టీఎస్‌సీ అనేది 1953 నాటి అమెరికా రంగుల టీవీ ప్రమాణం. ప్యానెల్ తయారీదారులు ఇప్పటికీ దాంతోనే కొలుస్తారు. ఇంటర్నెట్‌లో ఫొటోలకు ఆధారమైన ఎస్‌ఆర్‌జీబీ పూర్తిగా కనిపించాలంటే ఆ కొలతలో దాదాపు 72 శాతం కావాలి. 45 శాతం తెర మీద కుంకుమ ఎరుపు ఇటుక రంగులోకి దిగుతుంది. అది చూసి మా మేనకోడలు ఎరుపు పెంచితే, కొనేవారి ఫోనులో చీర మండిపోతున్నట్టు కనిపిస్తుంది. చీర ఇంటికి చేరాక రంగు వేరంటూ తిప్పి పంపిస్తారు.

అక్షరాలు చదివే నాకు 45 శాతం చాలు. రంగుతో పని చేసేవారికి అది చాలదు. ఆమెకు కావలసింది ఫుల్ హెచ్‌డీలోనే 72 శాతం ఎన్‌టీఎస్‌సీ లేదా 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ అని రాసి ఉన్న, 300 నిట్లకు తగ్గని ఐపీఎస్ ప్యానెల్. ధర ఎక్కువే, కానీ చాలావరకు అదే కేబుల్‌కు తగులుతుంది. నేను వద్దన్నాక ఆమె అడిగింది మాత్రం 2560×1440 చుక్కల క్యూహెచ్‌డీ ప్యానెల్. అందులో రంగుల పరిధి ఎంతో చూడకుండా చుక్కలకే డబ్బు పెట్టబోయింది. పని రంగులదైతే మొదటి రూపాయి రంగుకు పెట్టాలి.

ప్రతి చుక్కా తనంతట తానే వెలిగే ఓఎల్‌ఈడీ తెర గురించి కూడా అడిగింది. నలుపు నిజంగా నలుపుగా కనిపించేది అందులోనే, అందులో సందేహం లేదు. కానీ ఐపీఎస్‌తో వచ్చిన లాప్‌టాప్‌లో ఓఎల్‌ఈడీ అమర్చడం చాలావరకు కుదరదు. కేబుల్, విద్యుత్తు ఇచ్చే తీరు తేడా ఉంటాయి. పైగా గంటల తరబడి ఒకే టూల్‌బార్ కదలకుండా ఉంటే దాని ముద్ర తెర మీద మిగిలిపోయే ప్రమాదం ఉంది. ఫొటోలు సరిదిద్దే సాఫ్ట్‌వేర్‌లో టూల్‌బార్ ఎప్పుడూ అక్కడే ఉంటుంది కదా.

పిన్లు, చెవులు

డబ్బు వృథా అయ్యేది ఎక్కువగా ఇక్కడే. అందుకే ఈ భాగాన్ని తొందర లేకుండా చదవమని కోరుతున్నాను.

మొదట మీ లాప్‌టాప్ ఏ కాలానిదో చూడండి. సుమారు 2012 వరకు వచ్చినవాటిలో ప్యానెల్‌కు ఎల్‌వీడీఎస్ అనే పాత పద్ధతిలో సంకేతాలు వెళతాయి. 2013లో నాలుగో తరం ఇంటెల్ ప్రాసెసర్లతో వచ్చినవాటి నుంచి ఎక్కువగా ఈడీపీ అనే కొత్త పద్ధతి. ఎల్‌వీడీఎస్ వాడకాన్ని 2013 నాటికి ఆపేస్తామని ఇంటెల్, ఏఎమ్‌డీ 2010 డిసెంబర్‌లోనే ప్రకటించాయి. ఈ రెండు పద్ధతులకూ పొత్తు కుదరదు. ఎల్‌వీడీఎస్ యంత్రంలో కొత్త ఈడీపీ ప్యానెల్ పెట్టాలంటే మధ్యలో ఒక మార్పిడి బోర్డు పెట్టి, టంకం వేసి చేయాలి. అది ఇష్టపడి చేసేవారి పని. తెర బాగుంటే చాలనుకునేవారికి నా సలహా, అంత పాత యంత్రం మీద ఖర్చు పెట్టవద్దనే.

ఈడీపీలో 30 పిన్ల కనెక్టర్, 40 పిన్ల కనెక్టర్ అని రెండున్నాయి. 60 హెర్ట్జ్‌లో (సెకనుకు 60 సార్లు బొమ్మ మారుస్తూ) నడిచే హెచ్‌డీకీ ఫుల్ హెచ్‌డీకీ సాధారణంగా 30 పిన్లు. అందుకే హెచ్‌డీ నుంచి ఫుల్ హెచ్‌డీకి మారడం చాలా యంత్రాల్లో ఒక తెర తీసి మరొకటి తగిలించినంత సులువు. లెనోవో థింక్‌ప్యాడ్ టీ440పీ ఇందుకు పేరుపడ్డ ఉదాహరణ. క్యూహెచ్‌డీ, 4కే (3840×2160), 144 హెర్ట్జ్ ప్యానెళ్లకు 40 పిన్లు కావాలి. థింక్‌ప్యాడ్ టీ480లో క్యూహెచ్‌డీ పెట్టాలనుకున్నవారు కేబుల్ కూడా మార్చుకోవాలి. ఆ కేబుల్ మీ మోడల్‌కు విడిగా దొరకాలి, దాన్ని మదర్‌బోర్డు వరకు లాగడానికి యంత్రం మొత్తం విప్పాలి. టచ్ తెరలు కొన్నింటికీ 40 పిన్లే ఉంటాయి. పిన్ల లెక్క సరిపోయింది కదా అని టచ్ ప్యానెల్ కొని మామూలు యంత్రంలో పెట్టబోవద్దు.

ఇక బిగింపు. పాత ప్యానెళ్లకు పైనా కిందా, లేదా పక్కలకు మరలు పట్టే లోహపు చెవులు ఉంటాయి. సన్న అంచుల కొత్త లాప్‌టాప్‌లలో చెవులు లేని ప్యానెల్‌ను సాగే జిగురు పట్టీలతో అంటిస్తారు. 15.6 అంగుళాల ప్యానెళ్లే కొన్ని సుమారు 360 మిల్లీమీటర్ల వెడల్పు, కొన్ని 350. మూల నుంచి మూలకు కొలిస్తే రెండూ 15.6 అంగుళాలే, చట్రంలో మాత్రం ఒకటి పట్టదు. కనెక్టర్ ప్యానెల్ వెనుక కుడి వైపు ఉందా ఎడమ వైపు ఉందా అన్నదీ చూసుకోవాలి. కేబుల్ రెండు అంగుళాలు చాలకపోతే చేసేది ఏమీ లేదు.

ఇవన్నీ తెలుసుకోవడానికి నమ్మకమైన దారి మీ పాత ప్యానెల్ వెనుక లేబుల్. విప్పకుండా తెలుసుకోవాలంటే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలావరకు మోడల్ సంఖ్య చూపిస్తుంది. లెనోవో, డెల్, హెచ్‌పీ ఆఫీసు మోడళ్లకు విప్పే విధానంతో సర్వీస్ మాన్యువళ్లు ఉచితంగా ఇస్తాయి. మీ మోడల్‌ను కంపెనీవారే ఫుల్ హెచ్‌డీతో కూడా అమ్మారా అన్నది చూడండి. అమ్మి ఉంటే సగం చిక్కు తీరినట్టే. ఆ ప్యానెల్ సంఖ్య రాసుకుని వెళ్లండి.

మ్యాక్‌బుక్‌లు, గాజుతో కలిపి అతికించిన టచ్ తెరలు ఉన్నవారు ఈ ఆలోచనే మానుకోండి. వాటికి ప్యానెల్ ఒక్కటే మార్చడం కుదరదు, మూత మొత్తం మార్చాలి. ఆ ఖర్చులో మంచి మానిటర్ వస్తుంది.

మానిటర్ ఎవరికి

మా తమ్ముడి లాప్‌టాప్ సరిగ్గా అలాంటిదే. రోజంతా ఇంట్లో ఒకే బల్ల దగ్గర కూర్చుని కోడ్ రాస్తాడు. వాడికి మానిటర్ కొనమన్నాను. మెడ వంచకుండా కూర్చోవచ్చు, తెర మీద రెండు విండోలు పక్కపక్కన పెట్టుకోవచ్చు. లాప్‌టాప్ పాడైనా మానిటర్ మిగులుతుంది. బల్ల దగ్గర నుంచి కదలనివారికి ప్యానెల్ మార్పు కన్నా ఇదే మేలని నా గట్టి నమ్మకం.

కానీ ఇక్కడ కూడా తెలుగు చదివేవారు ఒక లెక్క చూసుకోవాలి. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్‌లో అంగుళానికి 92 చుక్కలే ఉంటాయి. అది నా పాత హెచ్‌డీ తెర కన్నా తక్కువ. కాస్త దూరంగా కూర్చుంటాం కాబట్టి ఇబ్బంది తగ్గుతుంది, అంతే. వత్తులు నునుపుగా కనబడాలంటే 27 అంగుళాల్లో 4కే తీసుకోవాలి, అంగుళానికి 163 వస్తాయి. 27 అంగుళాల క్యూహెచ్‌డీ 109 దగ్గర ఆగుతుంది. కోడ్ రాసే మా తమ్ముడికి అది చాలు. నాకైతే చాలదు.

అదే కారణంతో 14 అంగుళాల లాప్‌టాప్‌లో క్యూహెచ్‌డీ వరకు వెళ్లాలా అని నేనూ ఆలోచించాను. అంగుళానికి 210 చుక్కలు. ఒక స్నేహితుడి యంత్రంలో చూశాను, అక్షరాలు అచ్చు పుస్తకంలోలాగే ఉన్నాయి. అయినా వద్దనుకున్నాను. కేబుల్ వెతకాలి, బ్యాటరీ ముందే ముసలిది. చుక్కలు చిన్నవైనకొద్దీ వాటి గుండా వెలుగు తక్కువగా బయటికి వస్తుంది, అంత వెలుగు కోసం తెర వెనుక దీపం (బ్యాక్‌లైట్) ఎక్కువ మండాలి. 15.6 అంగుళాల 4కే ప్యానెళ్లు బ్యాటరీని తొందరగా తాగేయడానికి కారణం అదే. టీఎన్ నుంచి ఐపీఎస్‌కు మారినప్పుడు వచ్చిన సుఖంతో పోలిస్తే, ఫుల్ హెచ్‌డీ నుంచి క్యూహెచ్‌డీకి వచ్చేది చిన్నదే. 144 హెర్ట్జ్ ఆటలు ఆడేవారికి పనికొస్తుంది. పాత ఆఫీసు యంత్రంలో దాని ఊసు వద్దు.

డబ్బు విషయంలో నాకు నేను పెట్టుకున్న హద్దు ఒకటుంది. ప్యానెల్, బిగింపు కలిపి, ఆ లాప్‌టాప్‌ను ఈ రోజు అమ్మితే వచ్చేదానిలో సగం దాటకూడదు. నాకు ప్యానెల్ 4,600 రూపాయలు, బిగింపు 400 రూపాయలు అయింది. హద్దు దాటితే ఆ డబ్బును కొత్త యంత్రం కోసం పక్కన పెట్టడమే మంచిది.

కొనే రోజు

రిచ్చీ స్ట్రీట్ మౌంట్ రోడ్డు నుంచి లోపలికి, చింతాద్రిపేట వైపు ఉంటుంది. గవర్నమెంట్ ఎస్టేట్ మెట్రో స్టేషన్‌లో దిగి నడిచి వెళ్లవచ్చు. ఉదయం పూట వెళ్లండి. మధ్యాహ్నం దాటితే ఆ సందుల్లో నిలబడి తీరిగ్గా ఏదీ పరీక్షించలేరు. తమిళం సరిగ్గా రాకపోయినా పరవాలేదు, మోడల్ సంఖ్య రాసిన కాగితం చూపిస్తే సరిపోతుంది. ‘సరిగ్గా ఇదే లేదు, ఇలాంటిదే ఉంది’ అంటే కంగారు పడకండి. ఆ ప్రత్యామ్నాయం సంఖ్యను ప్యానెల్‌లుక్ వెబ్‌సైటులో వెతికి పిన్లు, వెలుగు, రంగుల పరిధి, చెవులు పోల్చి చూసుకోండి. వివరాలు కలిస్తే తీసుకోవచ్చు.

అక్కడే వెలిగించి చూపించమనండి. ఫోనులో లేదా పెన్‌డ్రైవ్‌లో తెలుపు, నలుపు, ఎరుపు, పచ్చ, నీలం రంగుల ఖాళీ బొమ్మలు అయిదు తీసుకెళ్లండి. తెలుపులో నల్లటి చుక్క, నలుపులో వెలిగే చుక్క ఉన్నాయేమో చూడండి. నలుపు మీద మూలల్లో పసుపు వెలుగు బాగా కారుతుంటే మరొకటి అడగండి. ఐపీఎస్‌లో కొంచెం వెలుగు కారడం సహజమే, మూలంతా తెల్లబడితే మాత్రం కాదు. తెరను దాదాపు పడుకోబెట్టినట్టు వంచి కింది అంచు వైపు నుంచి చూడండి. రంగు తలకిందులైతే అది టీఎన్. వెలుగు బాగా తగ్గించి, ఫోను కెమెరాలో షట్టర్ వేగం పెంచి చూడండి. తెర మీద నల్ల పట్టీలు పరుగెడితే అది వెలుగును ఆర్పుతూ వెలిగిస్తూ తగ్గిస్తోందన్నమాట. చాలామందికి ఏమీ కాదు. తలనొప్పి వచ్చే తత్వం ఉన్నవారు దాన్ని వదిలేయాలి.

బిగించేది మీరైనా, దుకాణంవారైనా ఒక జాగ్రత్త తప్పదు. కేబుల్ ముట్టుకునే ముందు చార్జరు తీసి, బ్యాటరీని కూడా విడదీయాలి. లోపలి బ్యాటరీ ఉన్న థింక్‌ప్యాడ్‌లలో దాన్ని ఆపేసే ఏర్పాటు బయోస్‌లోనే (విండోస్ మొదలవక ముందు తెరిచే సెట్టింగుల్లో) ఉంటుంది. విద్యుత్తు ఉండగా కనెక్టర్ వంకరగా దూరిస్తే మదర్‌బోర్డు మీద వెనుక దీపానికి ఉన్న ఫ్యూజు మాడిపోతుంది. అప్పుడు కొత్త ప్యానెల్ కూడా చీకటిగానే కనిపిస్తుంది, తప్పు ప్యానెల్‌దని అనుకుంటారు. పని చేసేవారిని ‘బ్యాటరీ తీశారా అన్నా’ అని అడగడానికి మొహమాటపడవద్దు. చట్రం మూసే ముందే ఒకసారి ఆన్ చేయించి, వెలుగు పెంచే తగ్గించే కీలు పనిచేస్తున్నాయో చూసుకోండి. మూతను పూర్తిగా మూసి, తెరిచి మళ్లీ చూడండి. కేబుల్ ఎక్కడైనా నలిగితే ఆ కదలికలోనే తెలుస్తుంది.

పాత ప్యానెల్‌ను దుకాణంలో వదిలి రాకండి. కొత్తది మార్చవలసి వస్తే తాత్కాలికంగా పెట్టుకోవడానికి పనికొస్తుంది. నా పాతదాన్ని కొత్తది వచ్చిన అట్టపెట్టెలోనే పెట్టి అలమరలో ఉంచాను. ఈ మధ్య మా పక్కింటి కుర్రాడి లాప్‌టాప్ మంచం మీద నుంచి పడి తెర పగిలింది. కాలేజీ ప్రాజెక్టు గడువు మూడు రోజుల్లో ఉంది. లేబుల్ చూస్తే 14 అంగుళాలు, 30 పిన్లు, చెవులు పైనా కిందా. మా అలమరలోది దానికి సరిపోయింది.